రాచర్ల బస్సులో పెద్దాయన చెప్పిన మాట

పదకొండేళ్ల కిందట ఒక ముసలాయన నన్ను నమ్మి ఒక కబురు చెప్పాడు. నేను దాన్ని చేర్చలేదు. చేర్చానని ఆయనకు అబద్ధం చెప్పాను. ఆ అబద్ధాన్ని నమ్మి ఆయన చనిపోయాడు.

ఈ నాలుగు వాక్యాలు బయటికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇన్నేళ్లూ ఆ ముసలాయన కొడుకుతోనే ఒకే ఇంట్లో ఉన్నాను. ఆయన వండిన అన్నం తిన్నాను. ఆయనకు జ్వరమొస్తే కాళ్లు పట్టాను. ఆయన నన్ను ప్రేమిస్తాడు, నేనూ ఆయన్ని ప్రేమిస్తాను. ఇద్దరం మగవాళ్లమే. ఈ మాట రాయడానికి భయమేస్తుందనుకున్నాను. వేయలేదు. నన్ను భయపెట్టేది అది కాదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు మేలు. తెలిసినవాళ్ల ముందైతే మొదట నన్ను నేను కాస్త మంచివాడిగా చూపించుకోవడానికి తంటాలు పడతాను. మీ ముందు ఆ అవసరం లేదు. అయినా నా తప్పు మీకు అర్థం కావాలంటే ముందు ఆ కొడుకు ఎలాంటివాడో తెలియాలి. ఎలాంటి మనిషికి ఈ పని చేశానో తెలియకపోతే ఇది ఎవరో కండక్టరు కబురు మరిచిపోయిన కథలా ఉంటుంది.

ఆయన పేరు మస్తానయ్య. రాచర్ల దగ్గర పల్లె. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టాడు. మార్కాపురం బస్టాండు వెనక సందులో పాత పుస్తకాల దుకాణం పెట్టాడు. నేను ఆ ఊరి డిపోలో కండక్టర్ని. నాది పొదిలి వైపు సేద్యం చేసుకునే కుటుంబం. నాకప్పుడు ముప్పై మూడేళ్లు, ఆయనకు ముప్పై ఏడు.

మొదట చూసింది కురిచేడులో. వాన పడుతోంది. ఎవరో పాత పంతులుగారు పోతే, ఇంట్లో వాళ్లు ఆయన పుస్తకాలన్నీ చిత్తు కాగితాలవాడికి వేయబోతున్నారట. ఆ సంగతి తెలిసి ఈయన పోయి, రెండు గోతాల నిండా వాటిని నింపుకొని బస్సెక్కాడు. మా బస్సు ఒక పక్క కారుతోంది. కారని చోట ఒక్కటే సీటు ఖాళీ. ఆయన ఆ రెండు గోతాలనూ ఆ సీట్లో ఎక్కించి, తాను కారే చోట నిలబడ్డాడు. మార్కాపురం దాకా నిలబడ్డాడు. మధ్యలో ఒకావిడ ఆ సీటు కోసం గొడవపడింది. నేనూ గట్టిగానే అడిగాను. టికెట్టు నాకు కొట్టు, సీటు వాటికి ఇయ్యి అన్నాడు. నవ్వుతూ కాదు, బతిమాలుతూ కాదు, ఉన్నమాట చెప్తున్నట్టు అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన తల మీంచి నీళ్లు కారుతుంటే, చేత్తో తుడుచుకుని, ఆ తడి చెయ్యి గోతానికి తగలకుండా దూరంగా పట్టుకోవడం చూశాను.

ఆ తర్వాతి వారం డ్యూటీ మారే మధ్యలో గంట తీరిక దొరికితే ఆ సందులోకి పోయాను. ఎందుకు పోయావంటే ఏం చెప్పను? పుస్తకం చదివే అలవాటు నాకు లేదు. ఇంటరు తర్వాత నేను చదివినవన్నీ ఊళ్ల పేర్లే.

దుకాణం అంటే పది అడుగుల వెడల్పు గది. కింద మార్కాపురం పలకరాయి పరిచారు. ఎండాకాలంలో కూడా చెప్పులు విడిచి లోపలికి వస్తే అరికాళ్లు చల్లబడేవి. చుట్టూ గోడల నిండా పుస్తకాలు. మధ్యలో చాప. చాప మీద ఆయన. పక్కన మైదా జిగురు గిన్నె. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాడు, అందుకని ఆయన వేళ్ల చివర్లు ఎప్పుడూ లేతనీలంగా ఉండేవి. విడిపోయిన పుస్తకాన్ని ముందేసుకుని, దారం ఎక్కించిన సూదితో ఒక్కొక్క మడతా కుట్టుకుంటూ వచ్చేవాడు. నాకు బెంచీ చూపించాడు. ఏం కావాలని అడగలేదు. ఆ గంటసేపు మేమిద్దరం పది మాటలు కూడా మాట్లాడుకుని ఉండం. కానీ బస్సెక్కిన తర్వాత, చాలా రోజులకు నాకు చెవుల్లో హోరు తగ్గినట్టనిపించింది.

అట్లా మొదలైంది. మొదలైందని అప్పుడు నాకు తెలియదు.

నేను ఆయనకు ఒక్క పని చేయగలిగాను. కండక్టర్ని గదా, నాకు ఊళ్లు తెలుసు. పామూరులో ఎవరో ఇల్లు పడగొట్టి కడుతూ అటక మీది పుస్తకాలు బయట వేశారని, కంభంలో ఒక లైబ్రరీ గది ఖాళీ చేస్తున్నారని, ఇలాంటి సంగతులు బస్సులో నా చెవిన పడేవి. వాటిని ఆయనకు చేరవేసేవాణ్ణి. వీలైతే కట్టలు నేనే తెచ్చేవాణ్ణి. (కబుర్లు చేర్చడంలో నాకంత పేరుండేది. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.)

పాత పుస్తకాల్లో ఏవేవో దొరుకుతాయి. ఉత్తరాలు, ఫోటోలు, పెళ్లి శుభలేఖలు, పిల్లల జుట్టు మడిచిన కాగితాలు. ఆయన ఒక్కటీ పారేసేవాడు కాదు. ఆ మనుషులెవరో, వాళ్ల వాళ్లెక్కడున్నారో కనుక్కుని తిరిగి ఇచ్చేవాడు. ఒకసారి ఒక తల్లి రాసిన ఉత్తరం పట్టుకుని, దుకాణం మూసిన తర్వాత నాలుగు ఆదివారాలు దొనకొండ చుట్టుపక్కల తిరిగాడు. ఆ ఉత్తరం అందాల్సినవాడు అప్పటికే తాతయ్యాడు. గడప మీద కూర్చుని చదువుకుని, లోపలికి వెళ్లిపోయాడట. కనీసం మంచినీళ్లిచ్చాడా అని నేను అడిగాను. ఇయ్యలా, ఆయనకు నేను కనపడలేదులే అని మస్తానయ్య సంతోషంగా చెప్పాడు. తాను కనపడకపోవడమే పని బాగా జరిగిందనడానికి గుర్తని ఆయన లెక్క.

చదవమని నాకెప్పుడూ చెప్పలేదు. నేను కూర్చునే బెంచీ మీద ఒక పుస్తకం ఉండేది, అంతే. మొదట్లో నెలకొకటి. తర్వాత వారానికొకటి. చదివిన తర్వాత ఎట్లుంది అని అడిగేవాడు. నాకు తోచింది చెప్పేవాణ్ణి. తెలివితక్కువ మాటైనా సరే, కుట్టడం ఆపి, మొహం నా వైపు తిప్పి వినేవాడు. నా మాటను అట్లా పని ఆపి విన్నవాళ్లు అంతకుముందు నా జీవితంలో లేరు. టికెట్టు, చిల్లర, ముందుకు జరగండి. ఇవే నా మాటలు. ఆ గదిలో నాకు ఇంకో గొంతు వచ్చింది.

మా వైపు అందరినీ ఏదో ఒక వరసతో పిలుస్తాం. మొదటి రెండేళ్లు ఆయన్ని మస్తానన్నా అనేవాణ్ణి. ఒకరోజు పుస్తకం వీపు కదలకుండా పట్టుకోమన్నాడు. నేను పట్టుకుంటే ఆయన కుడుతున్నాడు. ఆ చిన్న చోట మా వేళ్లు తగలకుండా పని జరగదు. అరగంట అట్లా కూర్చున్నాం. ఆ రోజు నుంచి నా నోటికి అన్నా అనే మాట రాలేదు. నెల రోజులు ఆయన్ని ఏమీ పిలవలేదు. వాకిట్లోకి వచ్చి ఊరికే దగ్గేవాణ్ణి. ఆయనకు అర్థమైందనుకుంటాను. ఒకరోజు తలెత్తకుండానే, పేరు పెట్టి పిలువు, పేరుండేది అందుకే గదా అన్నాడు. నేను పిలిచాను. ఆయన కుడుతున్న సూది ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

మూడో ఏడు నాకు కామెర్లు వచ్చాయి. అద్దెగదిలో ఒక్కణ్ణే ఉన్నాను. ఊరికి కబురు పెట్టొద్దన్నాను. మస్తానయ్య దుకాణం మూసేశాడు. పండక్కి కూడా మూయని మనిషి. తొమ్మిది రోజులు నా గదిలో ఉండి జావ కాచాడు, బట్టలుతికాడు, మధ్యాహ్నాలు కిటికీ పక్కన కూర్చుని పైకి చదివి వినిపించాడు. నేను లేచి కూర్చోగలిగిన రోజు, ఇంక దుకాణం తెరుచుకో, నీ గిరాకీ పోతుంది అన్నాను. ఆయన చదువుతున్న పేజీలో గుర్తుకు దారం పెట్టి, “నువ్వు రావని తెలిసినాక తెరవబుద్ధి కాలా” అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. నీలం వేళ్లు. మధ్యాహ్నం మూడున్నర. కింద వీధిలో ఎవరో ఉల్లిగడ్డలు అమ్ముతున్నారు. ఇంతకంటే ఆ రోజు గురించి రాయను. దాచుకోవాల్సింది కాబట్టి కాదు. అది మా ఇద్దరిదీ కాబట్టి.

ఇంకో రెండేళ్లు అట్లా సుఖంగా గడిచాయి. ఆ తర్వాత మా అన్న వచ్చాడు.

మా ఇంటికి అన్నే పెద్ద. నేను మూడు సంబంధాలు వద్దన్నాను. బస్టాండులో ఎవరో ఆయన చెవిలో ఏదో వేశారు. ఒక మధ్యాహ్నం నేను యూనిఫాం వేసుకుంటుంటే గదికి వచ్చాడు. కూర్చోలేదు. ఆ పుస్తకాలోడికీ నీకూ ఏందిరా అని అడిగాడు. ఆ ప్రశ్న ఎప్పుడో ఒకసారి వస్తుందని నాకు తెలుసు. జవాబు కూడా ఎన్నోసార్లు మనసులో అనుకున్నాను. తీరా నోరు తెరిస్తే వచ్చింది వేరే. నాకేం లేదన్నా, వాడే నా ఎంటబడ్తన్నాడు అన్నాను.

వాడే. ఆ మనిషిని అంతకుముందు ఎప్పుడూ నేను వాడు అనలేదు.

మా అన్న చెడ్డవాడు కాదు. తమ్ముణ్ణి ఎవరో ఇబ్బంది పెడుతున్నారనుకున్నాడు, నేనే అట్లా అనుకునేటట్టు చేశాను గదా. దుకాణం గది యజమాని దగ్గరికి పోయి మాట్లాడాడు. ఐదు రోజుల్లో గది ఖాళీ చేయమన్నారు. ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని రాచర్ల పోయి, మస్తానయ్య తండ్రి ముందు, మీవాడు మావాణ్ణి బతకనీయడం లేదు, మావాడే నోటితో చెప్పినాడు అన్నాడు. ఆ తండ్రి కొడుకును పిలిపించాడు. ఏమీ అడగలేదట. నేను పిలిచేదాకా ఈ గడప తొక్కొద్దు అన్నాడట. అంతే.

సగం పుస్తకాలు పెట్టుకోవడానికి చోటు లేక చిత్తు కాగితాల కింద పోయాయి. కురిచేడు నుంచి ఆయన తడుస్తూ తెచ్చినవి కూడా పోయాయో లేదో నేను అడగలేదు. ఖాళీ గదిలో నిలబడి మస్తానయ్య నన్ను ఒక్క మాట అడిగాడు, మీ అన్నకు ఎవరు చెప్పినారు అని. తెలియదన్నాను. అన్నే ఏదో ఊహించుకుని చేశాడన్నాను. ఆయన నన్ను చూసి, పోనీలే, నీ మీద ప్రేమ గదా ఆయనకు, భయపడినాడు అన్నాడు. నా అబద్ధానికి ఆయనే దారి వేసిచ్చాడు. నేను నడిచాను.

ఇది మొదటి తప్పు. దీన్ని ఒక్కదాన్నే అయితే ఎప్పుడో ఒప్పుకుని ఉండేవాణ్ణేమో. పిరికితనం అని పేరు పెట్టుకుని, నాలుగు కన్నీళ్లు కార్చి, చెప్పేవాణ్ణి. రెండోదానికి ఆ పేరు సరిపోదు.

ఆయన గిద్దలూరు వెళ్లాడు. వీధివైపు తలుపున్న రెండు గదుల ఇల్లు తీసుకుని ముందు గదిలో మళ్లీ దుకాణం పెట్టాడు. మరుసటి ఏడు నేనూ బదిలీ పెట్టుకుని గిద్దలూరు చేరాను. ఆయన రమ్మనలేదు. వస్తే వద్దనలేదు. కలిసి అద్దె పంచుకునే ఇద్దరు బ్రహ్మచారులమని వీధివాళ్లు అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటున్నారు. మా అన్న కూతుళ్లకు బడి పుస్తకాలు కావాలంటే మస్తానయ్యే ఏరి, అట్టలు వేసి, నా చేత పంపేవాడు. ఎందుకని నేనంటే, పిల్లలేం చేసినారు అనేవాడు. మీరే చెప్పండి, అట్లాంటి మనిషి పక్కన కూర్చుని అన్నం ఎట్లా మింగుడుపడుతుంది? పడింది. అలవాటైంది.

సొంత ఊరు పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. ఆయన పోలేదు. మా నాయన పిలుస్తానన్నాడు, పిలిచినాక పోతా అనేవాడు. తండ్రి మాటను శిక్షగా కాక, మాటిచ్చినట్టు తీసుకున్నాడు. మూడేళ్లు అట్లా ఎదురుచూశాడు.

ఆ మూడో ఏడాది చివర, రాచర్ల నుంచి గిద్దలూరు వచ్చే పొద్దుటి బస్సులో ఒక పెద్దాయన ఎక్కాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. గిద్దలూరు ఆసుపత్రికి, ఆయాసానికి చూపించుకోవడానికి ఒక్కడే వస్తున్నాడు. టికెట్టు కొడుతుంటే నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

“అబ్బయ్యా, గిద్దలూర్లో పాత పుస్తకాల దుకాణం ఉందంట గదా. నీకెరుకేనా?”

“ఎరుకే. ఏం పెద్దాయనా?”

“మావాడే అది. మస్తాను. ఎట్లుండాడు?”

నాకు బస్సు చప్పుడు వినిపించడం మానేసింది. ఆ మొహంలోకి చూశాను. కళ్లు మస్తానయ్యవే. నేనెవరో ఈ ముసలాయనకు తెలియదు. అప్పుడు ఇంటికి వచ్చింది మా అన్న, నేను కాదు. బాగుండాడు అన్నాను.

“ఇంట్లో అల్లుడు వాడి పేరెత్తనీయడు. నేనే పోను నాకు మొగం చెల్లదు. అందుకని నీకు చెప్తన్నా. నేను పిలిచేదాకా రావద్దంటి. ఇప్పుడు పిలవాల్సింది నేనే గదా. నాయన రమ్మన్నాడని చెప్పు. ఎవురేమన్నా సరే, రమ్మన్నాడని చెప్పు. చెప్తావా?”

“చెప్తాలే పెద్దాయనా.”

బస్సు దిగేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని దించాను కూడా. దుకాణం చూపిస్తా రమ్మని అనలేదు. అక్కడి నుంచి మూడు వీధులు. ఆయన కర్ర పొడుచుకుంటూ ఆసుపత్రి వైపు వెళ్లాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. మొదట్లో, సమయం చూసి చెప్దామనుకున్నాను అని సమాధానం చెప్పుకునేవాణ్ణి. అది నిజం కాదు. నిజం ఇది. తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చుంటే ఆ పాత సంగతి వస్తుంది. మావాడే నోటితో చెప్పినాడు అని మా అన్న అన్న మాట వస్తుంది. అప్పుడు మస్తానయ్యకు తెలుస్తుంది. నన్ను వదిలి వెళ్లిపోతాడు. ఆ ఇల్లు, ఆ చాప, ఆ నీలం వేళ్లు, పని ఆపి నా మాట వినే ఆ మొహం, ఇవన్నీ పోతాయి. వాటిని నిలబెట్టుకోవడానికి ఆయనకు తండ్రి లేకుండా చేశాను. ప్రేమ కోసం చేశానని మాత్రం దయచేసి మీరు అనుకోవద్దు. నేనూ కొన్నేళ్లు అట్లాగే అనుకుని బతికాను.

ఆ రోజు ఇంటికి వెళ్తే మస్తానయ్య చింతచిగురు పప్పు చేసి పెట్టాడు. ఏంది అట్లుండావు అని అడిగాడు. బస్సులో గుంపెక్కువ అన్నాను.

నెల తర్వాత పెద్దాయన మళ్లీ ఎక్కాడు. ఈసారి ఇంకా నీరసించాడు. కూర్చోకముందే నన్ను వెతుక్కున్నాడు.

“చెప్పినావా?”

చెప్పలేదు, మరిచిపోయాను అంటే సరిపోయేది. ఆ రోజే చెప్తానంటే సరిపోయేది. మనిషికి మంచి దారులు అంత దగ్గరగా ఉన్నప్పుడు ఎందుకు కనపడవు?

“చెప్పినా పెద్దాయనా. పనుందంట. వీలు చూసుకుని వస్తాడంట.”

ఆయన తల ఊపాడు. కోపం రాలేదు. “రానీలే. పనుంటే రాలేడు గదా” అన్నాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ ఓర్పు ఎవరిదో నాకు తెలుసు. ఇంట్లో రోజూ చూస్తున్నదే. కొడుక్కు అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు నా బస్సులో చూశాను. చూసి, ముందు సీటు వాళ్లకు టికెట్టు కొట్టడానికి వెళ్లిపోయాను.

మరో రెండు నెలలకు ఆయన పోయాడు. రాచర్ల నుంచి సంతకు వచ్చినవాళ్లెవరో దుకాణంలోకి వచ్చి చెప్పారు. మస్తానయ్య జిగురు గిన్నె మీద మూత పెట్టి లేచాడు. నేను వస్తానంటే వద్దన్నాడు. నువ్వొస్తే నిన్ను గూడా మాటంటారు అన్నాడు. ఆ స్థితిలో కూడా నన్ను కాపాడే ఆలోచనే. అక్కడ చెల్లెలి మొగుడు వాకిట్లోకి రానీయలేదట. పాడె వెనక, జనం వెనక, దూరంగా నడిచాడట. తిరిగొచ్చి స్నానం చేసి, మా నాయన పిలవకనే పోయినాడు అన్నాడు. ఒక్కసారే అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నేను పక్కనే ఉన్నాను. నాకు నోరుంది. ఆ రోజు చెప్పలేదు. ఆ మరుసటి రోజు చెప్పలేదు. అట్లా పదకొండేళ్లు.

కిందటి నెల ఆయన చెల్లెలు ఈశ్వరమ్మ గిద్దలూరు వచ్చింది. ఆమె భర్త ఏడాది కిందట పోయాడు. అడ్డు చెప్పేవాళ్లు లేరు కాబట్టి మొదటిసారి అన్న ఇల్లు చూడ్డానికి వచ్చింది. దుకాణంలో బెంచీ మీద కూర్చుని, గోడల నిండా ఉన్న పుస్తకాలు చూసి, ఇవన్నీ నువ్వు చదివినావా అన్నా అని అడిగింది. నేను టీ తెచ్చి ఇచ్చాను. మాటల్లో ఆమె, నాయన చివరిదాకా వాకిలి వైపే చూస్తాండె, నువ్వు రాకపోతివి అంది. మస్తానయ్య నెమ్మదిగా, పిలవందే ఎట్లొస్తానమ్మా అన్నాడు. ఆమె తెల్లబోయింది. పిలిచినాడు గదన్నా, బస్సు కండక్టర్తో కబురు పంపినా అని నాతో చెప్పినాడే అంది.

వాళ్లిద్దరిలో ఒక్కరూ నా వైపు చూడలేదు. గిద్దలూరు డిపోలో ఎందరో కండక్టర్లు. నా మీద అనుమానపడాలని ఆయనకు తోచను కూడా తోచలేదు. చెల్లెలి చేతిలోని ఖాళీ గ్లాసు అందుకుని, “ఎవురో మరిచిపోయింటాడులే. వాళ్లకు నూరు పనులు” అన్నాడు. చెల్లెల్ని ఓదారుస్తున్నాడు. ఆ ఎవరినో కూడా క్షమించేశాడు.

నేను తట్టుకోలేకపోయింది అక్కడే. ఆయన తిట్టి ఉంటే, ఆ కండక్టరు నాశనం కాను అని ఉంటే, ఇంకో పదేళ్లు దాచేవాణ్ణేమో. నాకు అర్హత లేని క్షమ, నా పేరు తెలియకుండా నా మీద పడింది. దొంగసొత్తులా అది నా దగ్గర ఎట్లా ఉంచుకోను?

ఆరు రోజులు పట్టింది. ఏడో రోజు మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేనప్పుడు, ఆయన ఎదురుగా చాప మీద కూర్చున్నాను. మొదట మా అన్నకు నేను చెప్పిన మాట చెప్పాను. వాడే అన్న మాట కూడా దాచలేదు. తర్వాత బస్సు. మొదటిసారి. రెండోసారి. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను. ఏడవకూడదనుకున్నాను. నేను ఏడిస్తే ఆయన ఓదార్చే పనిలో పడతాడు. ఏడవలేదు.

ఆయన సూది ఆగింది. అది మళ్లీ కదలలేదు. మొదటి తప్పు గురించి గానీ, రెండోదాని గురించి గానీ కాక, “మా నాయన ఏమన్నాడు? ఆయన అన్నది మాత్రం చెప్పు. నీ మాటలు కలపొద్దు” అన్నాడు.

చెప్పాను. నాయన రమ్మన్నాడని చెప్పు. ఎవురేమన్నా సరే, రమ్మన్నాడని చెప్పు.

“ఇంగోసారి.”

మళ్లీ చెప్పాను. భుజాన గొంగడి ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఏ పక్క కూర్చున్నాడని అడిగాడు. కుడి పక్క, డ్రైవరు వెనక మూడో సీటు అన్నాను. తర్వాత లేచి పెరట్లోకి పోయి నీళ్ల తొట్టి దగ్గర నిలబడ్డాడు. నేను వెంట పోలేదు.

ఇది జరిగి ఇరవై రోజులు. ఆయన ఇల్లు వదిలి పోలేదు. పడక మాత్రం ముందు గదిలోకి, పుస్తకాల మధ్యకు మార్చుకున్నాడు. వండుతాడు, నాకు కూడా పెడతాడు. దుకాణానికి వచ్చినవాళ్లతో ఎప్పటిలాగే మాట్లాడతాడు. నాతో అవసరమైనంత మటుకే. క్షమించానని అనలేదు. క్షమించనని కూడా అనలేదు. నేను అడగలేదు. అడగడం అంటే ఆయన చేత ఇంకో పని చేయించడమే.

కానీ రోజూ ఒకసారి, ఎక్కువగా మధ్యాహ్నం పూట, పని మీద నుంచి తలెత్తకుండానే, మా నాయన ఏమన్నాడో చెప్పు అంటాడు. నేను చెప్తాను. మొదటిసారి అన్నది చెప్తాను. అంతటితో ఆపితే ఆయన ఊరుకుంటాడేమో. ఆపను. రెండోసారి పెద్దాయన అడిగింది, నేను ఆడిన అబద్ధం, రానీలే, పనుంటే రాలేడు గదా అని ఆయన కిటికీ వైపు తిరగడం, అన్నీ వరసగా, ఒక్క మాట తగ్గించకుండా చెప్తాను. చెప్పిన ప్రతిసారీ నాకు ఊపిరి కొంచెం ఆడుతుంది. ఆయనకు ఏమవుతుందో నాకు తెలియదు. వింటాడు. పని ఆపి, మొహం నా వైపు తిప్పి, చివరిదాకా వింటాడు.